ఎన్ స్కేల్ లేఅవుట్‌కి కాటో యూనిట్రాక్: ఏది కొనాలి, ఏది వదలాలి

రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో మోడల్ రైలు నడపాలనుకుంటే స్కేల్ ఎంచుకునేసరికే సగం పని తేలిపోతుంది. హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87లో, ఎల్‌హెచ్‌బీ పెట్టె (మన రైళ్లలోని కొత్త రకం ప్రయాణికుల పెట్టె) ఒక్కోటి 27 సెం.మీ. వస్తుంది. 1:160 ఎన్ స్కేల్‌లో అదే పెట్టె 14.7 సెం.మీ. ఇంజనూ పది పెట్టెలూ కలిపితే హెచ్‌ఓలో దాదాపు మూడు మీటర్లు, ఎన్‌లో మీటరున్నర పైచిలుకు. మలుపులు ఎంత చోటు తింటాయో చెప్పనే అక్కర్లేదు. అందుకే ఈ రివ్యూ ఎన్ స్కేల్ ట్రాక్ గురించే, అందులోనూ కాటో కంపెనీ యూనిట్రాక్ గురించి. జపాన్‌లో 1965లో సీ50 ఆవిరి ఇంజన్‌తో ఎన్ స్కేల్‌ని మొదలుపెట్టింది ఈ కంపెనీయే.

9 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం), నికెల్ సిల్వర్ పట్టాలు, కోడ్ 80. కోడ్ అంటే పట్టా ఎత్తు: 0.080 అంగుళం, రెండు మి.మీ. కాస్త దాటుతుంది. స్లీపర్లూ కంకర దిబ్బా అచ్చుపోసిన ప్లాస్టిక్ బెడ్ పట్టాలతో కలిసే వస్తుంది. మన బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ.ని 160తో భాగిస్తే పదిన్నర మి.మీ. రావాలి, ఇక్కడున్నది తొమ్మిదే. భారతీయ రైళ్ల మోడళ్లకి పట్టాలు ఆ మేరకు ఇరుకన్నమాట. పక్కన స్కేలు పెట్టి కొలిచేవాళ్లకి తప్ప కంటికి ఆనదు.

ముందే చెప్పేస్తే, తిన్నని ముక్కలూ మలుపు ముక్కలూ కళ్లు మూసుకుని కొనొచ్చు. పాయింట్, అంటే రైలుని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌లోకి మళ్లించే ముక్క, నంబర్ 6 అయితే బాగుంది. నంబర్ 4 పాయింట్ మాత్రం సిస్టమ్ మొత్తానికీ చెడ్డపేరు తెచ్చే ముక్క.

యూనిట్రాక్ బలమంతా యూనిజాయినర్‌లో ఉంది. పట్టాలని కలిపే లోహపు రేకు ఒక ప్లాస్టిక్ గూడులో కూర్చుని ఉంటుంది, ఆ గూడు పక్క ముక్క బెడ్‌కి లాక్ అవుతుంది. కాబట్టి బరువు పడేది పట్టా మీద కాదు, ప్లాస్టిక్ మీద. ఆదివారం నేల మీద పరిచి రాత్రికి తీసేసే ఇళ్లలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. విడదీసేటప్పుడు జాయినర్ రెండు పక్కలా నొక్కి తిన్నగా లాగాలి. పైకీ కిందకీ ఊపుతూ లాగితే లోపలి రేకు వెడల్పవుతుంది. ఆ తర్వాత అతుకు పైకి బాగానే కనిపిస్తుంది గానీ కరెంటు సరిగ్గా దాటదు, ఇంజన్ అక్కడికి రాగానే నెమ్మదిస్తుంది. ఇంకో లోపం, బిగించేటప్పుడు పట్టా రేకులోకి దూరకుండా దాని మీదెక్కి కూర్చోవడం. ప్రతి అతుకు మీదా గోరు నడిపి చూడండి. గోటికి మెట్టు తగిలితే చక్రానికీ తగులుతుంది. విడి జాయినర్లు ఇరవై ఉన్న ప్యాకెట్ ఒకటి మొదటి ఆర్డర్‌లోనే వేసేయండి, ఖరీదు తక్కువ.

మలుపుల్లో ఆర్249, ఆర్282, ఆర్315, ఆర్348 ఎక్కువగా వాడతారు. అంకె మి.మీ.లలో వ్యాసార్ధం. పక్కపక్క లైన్ల మధ్య 33 మి.మీ. తేడా ఉండేలా ఈ వరస కట్టారు. పొడుగు పెట్టెలకి ఆర్315 కంటే తగ్గొద్దు. ఆర్249 మీద నడవొచ్చు గానీ పెట్టెల చివరి మూల బాగా బయటికి పొడుచుకొస్తుంది, పక్క లైన్‌లో రైలుంటే రాసుకుంటుంది. చివర్లో ఒక ఖాళీ మిగిలి ఏ ముక్కా అమరకపోతే 78 నుంచి 108 మి.మీ. వరకు సాగే ఎక్స్‌పాన్షన్ ముక్క ఉంది. ముక్కల్ని వంచి బలవంతంగా కలపడం కంటే అది పెట్టడం మేలు. వంచి కలిపిన చోటే రైలు పడిపోతుంది.

ఇక పాయింట్లు. నంబర్ 4 పొడవు 126 మి.మీ., చీలిక వ్యాసార్ధం 481. నంబర్ 6 పొడవు 186, వ్యాసార్ధం 718. రెండూ 15 డిగ్రీలకే చీలతాయి, మోటారు రెండింట్లోనూ బెడ్ లోపలే ఉంటుంది, బోర్డుకి పెద్ద రంధ్రం కొయ్యక్కర్లేదు. నంబర్ 4తో తంటా ఎక్కడంటే, కదిలే పట్టా మొన కాస్త మందంగా ఉండి పక్కనున్న స్థిర పట్టాకి పూర్తిగా అతుక్కోదు. మొన వైపు నుంచి వచ్చే రైలు చక్రం అంచు ఆ సందులో దూరి, ఒకే పెట్టె కింద ముందు చక్రాల జత ఒక లైన్‌లోకీ వెనక చక్రాల జత ఇంకో లైన్‌లోకీ పోతాయి. సన్నటి నీడిల్ ఫైల్‌తో మొన లోపలి వైపు ఏటవాలుగా అరగదీసి, స్థిర పట్టాలో మొన కూర్చునే చోట వెంట్రుకవాసి గాడి చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అయినా రోజూ నడిపే మెయిన్ లైన్‌లో దాన్ని పెట్టకండి. యార్డులో, నెమ్మదిగా నడిచే చోట పర్వాలేదు. నంబర్ 4కి ఉన్న ఒక సుగుణం, అడుగున స్క్రూలు మార్చి కరెంటు రెండు దారులకీ వెళ్లేలా చేసుకోవచ్చు. నంబర్ 6లో ఆ వీలు లేదు, పాయింట్ ఎటుంటే అటే కరెంటు.

కొనేవాళ్లు తరచూ గమనించని లెక్క ఒకటుంది. రెండు నంబర్ 4లు ఎదురెదురు పెట్టి క్రాసోవర్ (పక్కపక్క లైన్లని కలిపే అడ్డదారి) కడితే లైన్ల మధ్య దూరం 33 మి.మీ. వస్తుంది, మలుపుల వరసతో సరిపోతుంది. నంబర్ 6లతో కడితే 49 మి.మీ. వస్తుంది. ఆర్315, ఆర్348 జతతో అది కలవదు. సగం లేఅవుట్ పరిచాక ఈ సంగతి బయటపడితే మళ్లీ ఆర్డర్ పెట్టాల్సిందే. నంబర్ 6 క్రాసోవర్ కావాలనుకుంటే తిన్నని భాగంలో లైన్లని 49 దూరంలోనే ఉంచి, మలుపు దగ్గర ఎలా దగ్గరికి తెస్తారో ముందే కాగితం మీద గీసుకోండి.

పాయింట్ మోటారుకి రెండే తీగలు, ఎరుపూ నలుపూ. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే పాయింట్ రెండో వైపుకి కొడుతుంది. కరెంటు తృటికాలం మాత్రమే వెళ్లాలి, మామూలు స్విచ్ పెట్టి మరిచిపోతే కాయిల్ కాలిపోతుంది. కాటో సొంత స్విచ్‌లు ఈ పని చేస్తాయి, కానీ ఒక్కో పాయింట్‌కి ఒక్కోటి కొనాలి. దానికి బదులు 12 వోల్టుల డీసీ అడాప్టర్, 470 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్, 25 వోల్టుల 2,200 మైక్రోఫారడ్ కెపాసిటర్, నడిమికి వచ్చి ఆగే స్ప్రింగ్ డీపీడీటీ స్విచ్ (ప్లస్, మైనస్ తారుమారు చేసేది) చాలు. రెసిస్టర్ మీదుగా కెపాసిటర్ నిండుతుంది, స్విచ్ నొక్కగానే ఒక్కసారిగా కాయిల్‌లోకి ఖాళీ అవుతుంది. వేలు తియ్యడం మరిచినా రెసిస్టర్ దాటి వచ్చేది పాతిక మిల్లీయాంపులే, కాయిల్ వేడెక్కదు. మూడు నాలుగు సెకన్లలో మళ్లీ సిద్ధం. దెబ్బ బలంగా లేదనిపిస్తే కెపాసిటర్ 4,700కి పెంచండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతాయి.

పవర్ ప్యాక్ విషయంలో జాగ్రత్త. జపాన్ మార్కెట్‌వి 100 వోల్టులకి, అమెరికావి 120కి చేసినవి ఉంటాయి. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 అని లేకపోతే మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టకండి. ట్రాక్‌కి కావాల్సింది 12 వోల్టుల లోపు డీసీయే కాబట్టి కంట్రోలర్ ఇక్కడే కొనుక్కోవడం తేలిక. కరెంటు ఒక్కచోటే ఇస్తే దూరాన ఇంజన్ నీరసిస్తుంది. తీగలో కంటే అతుకుల్లోనే నష్టం ఎక్కువ. రెండు మీటర్లకి ఒక జత టెర్మినల్ జాయినర్లు (తీగ అతికి ఉన్న జాయినర్లు), కింద 1 చ.మి.మీ. ఎరుపు, నలుపు మల్టీస్ట్రాండ్ వైరు చాలు. రెండు లైన్లకి రెండు కంట్రోలర్లుంటే క్రాసోవర్ మధ్య ఇన్సులేటెడ్ (కరెంటు దాటనివ్వని) జాయినర్లు తప్పనిసరి, లేకపోతే ఒక కంట్రోలర్ కరెంటు రెండోదాన్లోకి వెళ్తుంది.

బోర్డు కోసం 78×30 అంగుళాల ఫ్లష్ డోర్ తెచ్చుకోవచ్చు. బరువే గానీ వానాకాలంలో వంగదు. సన్నటి ప్లైవుడ్ అయితే కింద ఫ్రేమ్ లేకుండా వాడొద్దు. బోర్డు మెలి తిరిగితే ముందు మొరాయించేది పాయింటే. పాయింట్‌ని స్క్రూలతో బిగించినా అదే గతి, ప్లాస్టిక్ వంగి మొన కదలదు. రెండు చుక్కల యాక్రిలిక్ సీలెంట్ వేసి వదిలేయండి. కొండలకి థర్మోకోల్ వాడేవాళ్లు రబ్బరు జిగురు పూయకండి, దాన్లోని ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. తెల్ల ఫెవికాల్ ఆరడానికి ఒక రోజు పట్టినా అదే సరైనది.

అచ్చు కంకర బొమ్మలా ఉందనుకుంటే అంచుల్లో అసలు కంకర చల్లొచ్చు. ఇసుక వాడేట్టయితే కడిగి, ఆరబెట్టి, టీ వడగట్టే జల్లెడలో పట్టి, ఆ తర్వాత అయస్కాంతం తిప్పండి. ఇసుకలోని నల్ల రేణువుల్లో ఇనుము ఉంటుంది. ఇంజన్ మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుని గేర్లు పట్టేస్తాయి. ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి డ్రాపర్‌తో వెయ్యండి. పాయింట్ దరిదాపుల్లోకి మాత్రం ఈ నీళ్లు వెళ్లకూడదు. లోపలికి దిగితే మోటారు కదలదు, ఆ పాయింట్ ఇక చెత్తబుట్టకే.

మన ఇళ్లలో పట్టాలకి అసలు శత్రువు తుప్పు కాదు, పోపు పొగ. నూనె ఆవిరీ ఫ్యాను దుమ్మూ కలిసి నల్లటి పొర కడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు రాలని గుడ్డతో తుడిస్తే చాలు. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి మురికి ఇంకా తొందరగా పడుతుంది. థిన్నర్, అసిటోన్ దగ్గరికి రానివ్వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. లేఅవుట్ మీద పాత చీర కప్పే అలవాటుంటే మానండి. నూలు పోగులు గేర్లకి చుట్టుకుంటాయి, ప్లాస్టిక్ షీట్ మంచిది.

ధర దగ్గర దిగుమతి సుంకం కలుపుకోవాలి. బొమ్మలతో పాటు స్కేల్ మోడళ్లు కూడా ఒకే శీర్షిక కిందికి వస్తాయి. 2020 బడ్జెట్‌లో 20 శాతం ఉన్నది 60 అయింది, 2023లో 70కి పెరిగింది. అదీ షిప్పింగ్ ఖర్చు కలిపిన విలువ మీద. ఆర్డర్ పెట్టేనాటి రేటు చూసుకోండి. ఇంత సుంకం కట్టి మనకి అక్కర్లేని ముక్కలున్న డబ్బా సెట్ తెప్పించుకోవడంలో అర్థం లేదు, విడిగా కొనండి.

పైన చెప్పిన ఫ్లష్ డోర్‌కి సరిపడే ఒక మెయిన్ లైను, ఒక లూప్ లైను (మెయిన్ నుంచి చీలి పక్కనే నడిచి మళ్లీ దాన్లోనే కలిసే లైను) కొలతలివి. మలుపులకి ఆర్315 45 డిగ్రీల ముక్కలు ఎనిమిది. అవతలి పక్కకి 248 మి.మీ. ముక్కలు ఐదు, అంటే 1,240 మి.మీ. ఇవతలి పక్కన ఎడమ నంబర్ 6 ఒకటి, కుడి నంబర్ 6 ఒకటి, మధ్యలో 186 ముక్కలు రెండూ 248 ముక్కలు రెండూ. కూడితే అదీ సరిగ్గా 1,240. లూప్‌లో ఆర్718 15 డిగ్రీల ముక్కలు రెండు, మధ్యలో 248 ముక్కలు రెండు. లూప్‌ని లోపలి వైపుకి తీస్తే మొత్తం 1,895×655 మి.మీ.లో కూర్చుంటుంది, చుట్టూ కనీసం నాలుగు సెం.మీ. అంచు మిగులుతుంది. లూప్‌లో ఇంజనూ నాలుగు ఎల్‌హెచ్‌బీ పెట్టెలూ పడతాయి. రెండు పాయింట్లూ మెయిన్ వైపుంటే లూప్‌లో కరెంటుండదు కాబట్టి, ఒకే కంట్రోలర్‌తో ఒక రైలుని లూప్‌లో నిలిపి రెండోదాన్ని మెయిన్‌లో పోనివ్వొచ్చు.