చేపల వేట నిషేధమా, పులికాట్ ‘పాడు’ (వంతుల) పద్ధతా?

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, ఇంజిన్ బోట్లు కదలకూడదు, చేప గుడ్లు పెట్టే టైం కదా అని. రూల్ మంచిదే, తీరమంతా ఒకేసారి అమలవుతుంది, ఏపీలో 2025 నుంచి కుటుంబానికి 20 వేలు భృతి కూడా ఇస్తున్నారు. కానీ ఎప్పుడు ఆపాలో చెప్పేది పైవాళ్లే, వేటకెళ్లేవాడికి అందులో మాట లేదు, జూన్ 15న బోట్లన్నీ ఒక్కసారే సముద్రం మీద పడతాయి.

పులికాట్ సరస్సులో ‘పాడు’ అనే వంతుల పద్ధతి వేరే లెక్క. రొయ్యలు దొరికే చోట్లు ఊరి మత్స్యకారులే పంచుకుంటారు, ఎవరి వంతు ఎప్పుడో చీటీలేసి తేల్చుకుంటారు, ఆ రోజు ఆ చోట ఇంకొకడు వల కట్టడు, కాపలా కూడా వాళ్లదే కాబట్టి గొడవలు తక్కువ, వలల సంఖ్య అదుపులో ఉంటుంది. అయితే ఈ హక్కు పుట్టుకతో, కులంతో వస్తుంది, అదే సరస్సు మీద బతికే మిగతావాళ్లకి ఇందులో చోటు దొరకదు, నాకు ఇది అస్సలు నచ్చదు. పైగా సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతే చీటీలు ఏం చేస్తాయి?

నన్నడిగితే సముద్రానికి నిషేధం ఉండాల్సిందే, కాకపోతే తేదీలు పెట్టేటప్పుడు మత్స్యకారుల్ని కూర్చోబెట్టి అడగాలి, సరస్సుకి మాత్రం ‘పాడు’ పద్ధతే బెటర్, అందరికీ వంతు ఇస్తేనే.