“గట్టిగా ఉండాలి” అని కత్తి ఆర్డరివ్వకండి: మూడు చేతి కత్తులు, ఆరేళ్ల వాడకం

ఆత్మకూరు వైపు ఒక కొలిమిలో కొలతలిచ్చి చేయించిన మూడు కత్తుల గురించి ఈ సమీక్ష. ఒకటి చేపలకు, ఒకటి ఎముక కొట్టే మచ్చుకత్తి, మూడోది పొరల ఉక్కుది, ఎక్కువగా చూసుకోవడానికే. నెల్లూరు వంటింట్లో ఆరేళ్లుగా ఉన్నాయి. చేపల కత్తి పెట్టిన 4,200కు పూర్తిగా న్యాయం చేసింది. మచ్చుకత్తి మొదటి నెల్లోనే చెడింది, తర్వాత దారికొచ్చింది. పొరల కత్తికి అయిన 14,000తో చేపల కత్తులు మూడు వచ్చేవి.

చేపల కత్తి బ్లేడు 180 మి.మీ. పొడవు, కొత్తలో 46 మి.మీ. వెడల్పు. వెన్ను పిడి దగ్గర 2.2 మి.మీ., మొనకొచ్చేసరికి ఒక మి.మీ. ఉక్కు బేరింగులకు వాడే ఈఎన్31. ఇందులో కర్బనం 1 శాతం దాకా ఉంటుంది, క్రోమియం ఒకటిన్నర శాతం అటూ ఇటూ. క్రోమియం అనగానే తుప్పు పట్టదనుకునేవాళ్లున్నారు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే అది 10.5 శాతమన్నా ఉండాలి. ఇది నిక్షేపంగా తుప్పు పట్టే ఉక్కు. వంజరం కోసి సింకులో పడేసి ఫోన్ మాట్లాడి వస్తే చాలు, వాదర (కోసే అంచు) పొడుగునా నారింజ చుక్కలు కనిపిస్తాయి.

పులుసులోకి మామిడికాయ కోస్తే మొదటి వారం ముక్క నల్లబడింది, ఇనుప వాసన కూడా వచ్చింది. దీనికి మందు చింతపండే. కొత్త బ్లేడుని సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, చిక్కటి చింతపండు రసం పట్టించి పది నిమిషాలు ఉంచి కడగాలి. ఇట్టా మూడుసార్లు చేస్తే బూడిదరంగు పొర కడుతుంది. తర్వాత వాసన రాదు, తుప్పు కూడా నిదానిస్తుంది. ఆ పొరను పీచు పెట్టి తోమి మెరిపించారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. పని మనిషికి ఇది ముందే చెప్పి పెట్టుకోవాలి.

పదును ఆరు వారాలకోసారి పెడితే సరిపోతోంది. 1000 నంబరు రాయి, తర్వాత 3000. ఒక్కో వైపు 15 డిగ్రీలు. కోణం లెక్క తెలియకపోతే స్కేలు చాలు. 45 మి.మీ. వెడల్పు బ్లేడుకి 15 డిగ్రీలంటే వెన్ను రాయికి 11, 12 మి.మీ. ఎత్తులో ఉండాలి. రాయి మధ్యలో గుంట పడితే ఎంత జాగ్రత్తగా రుద్దినా కోణం నిలవదు. చీమకుర్తి గ్రానైటు పాలిష్ ముక్క ఒకటి తెచ్చుకుని, దాని మీద 220 నంబరు ఎమెరీ కాగితం తడిపి పరిచి రాయిని రుద్దితే చదునవుతుంది. అంగడిలో అమ్మే చదును పలకలకు వేలు పోయనక్కర్లేదు.

ఆరేళ్లలో వెడల్పు 3 మి.మీ. తగ్గింది. నాలుగో ఏడు ఇంకో చిక్కు వచ్చింది. పదునుందిగానీ ఉల్లిపాయలో దిగేటప్పుడు ముక్కను చీలుస్తోంది. బ్లేడు అరిగేకొద్దీ వాదర మందంగా ఉన్న చోటికి జరుగుతుంది కాబట్టి అట్టా అవుతుంది. పక్కలు పలచబరచాలి. గ్రైండరు మీద చల్లార్చకుండా పడితే నీలి రంగొచ్చి అక్కడి కాఠిన్యం పోతుంది. నీళ్లలో ముంచుతూ చేయాలి. కత్తి చేసిన కొలిమి ఆచారే 300 తీసుకుని చేసిచ్చాడు. చేతి కత్తికి ఎక్కువ డబ్బు పెట్టడంలో అసలు లాభం ఇదేనని నా లెక్క.

ఇక మచ్చుకత్తి. లారీ కమాన్ పట్టీ నుంచి తీసింది. వెన్ను 5 మి.మీ., బరువు 680 గ్రాములు. మేక కాలి ఎముక మీద నాలుగు వేట్లు పడేసరికి వాదరలో మూడు పళ్లు ఊడాయి. పెద్దది గోరు మొన పట్టేంత.

తప్పు ఆర్డరు కాగితంలో ఉంది. అందులో “గట్టిగా ఉండాలి” అని రాసుంది. మన మాటలో గట్టి అంటే విరగనిది. కొలిమి దగ్గర గట్టి అంటే ఆకురాయి జారిపోయేంత కఠినం. ఈ రెండూ ఒక కత్తిలో ఒకేసారి నిండుగా రావు. పాయనం పెట్టగానే, అంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చగానే, ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ సన్న వేడిలో మగ్గబెడితేనే తట్టుకునే గుణం వస్తుంది, ఆ మేరకు కాఠిన్యం తగ్గుతుంది. చేపల కత్తిని 190 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు మగ్గబెట్టారు, దానికది సరి. గట్టిగా ఉండాలన్నారు కదా అని మచ్చుకత్తినీ అక్కడే ఆపారు. తిరిగిచ్చాక 2 మి.మీ. అరగదీసి, 250 దగ్గర రెండుసార్లు మగ్గబెట్టి, వాదర కోణం ఒక్కో వైపు 22కి మార్చారు. అప్పట్నించీ పన్ను ఊడలేదు. అప్పుడప్పుడూ వాదర మడత పడుతుంది, రాయి మీద పది రుద్దుల్లో లేస్తుంది. ఆచారి అన్న మాట ఇది: “గట్టి, మెత్త నాకు చెప్పబాకండి సార్. ఏం కొడతారు, దేని మీద పెట్టి కొడతారు, అది చెప్పండి.” దేని మీద అన్నదీ ముఖ్యమే. చింత మొద్దు మీద ఏళ్లు నిలిచే వాదర గ్రానైటు గట్టు మీద ఒక్క వేటుకే పోతుంది.

పాత కమాన్ పట్టీలతో ఇంకో ప్రమాదం ఉంది. లారీ కింద లక్షల సార్లు వంగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లుంటాయి. పాయనంలో అవి తెరుచుకుంటాయి. పిడి వేయకముందే బ్లేడుకి కిరసనాయిలు పూసి కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, సుద్ద పొడి రుద్దమనండి. పగులుంటే సుద్ద మీద వెంట్రుకంత తడి గీత తేలుతుంది. ఈ కత్తికి మొదట తీసిన బ్లేడు ఇట్టానే పోయింది. అందుకే ఆరు వారాలన్న పని పద్నాలుగు వారాలు పట్టింది. ఆలస్యానికి కారణం అడిగితే ఇట్టాంటి జవాబు వచ్చే చోట అడ్వాన్సు ఇవ్వొచ్చు. “రేపు, ఎల్లుండి” అనే చోట వద్దు.

పొరల కత్తి గురించి క్లుప్తంగా. 1084, 15ఎన్20 అనే రెండు ఉక్కులు కలిపి అతికింది. రెండో దాంట్లో 2 శాతం నికెలు ఉంటుంది కాబట్టి ఫెర్రిక్ క్లోరైడులో ముంచితే అది తెల్లగా నిలుస్తుంది, మొదటిది నల్లబడుతుంది. డమాస్కస్ పేరుతో అమ్మేది ఎక్కువగా ఇదే. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన మన పాత ఉక్కు వేరు. దాని చారలు అతుకుల వల్ల వచ్చినవి కావు, ముద్ద చల్లారేటప్పుడు లోపల మొదలై, కాల్చి సాగగొట్టేటప్పుడు తేలినవి. రెంటినీ ఒకటని చెప్పి అమ్మితే నమ్మొద్దు. ఈ కత్తిలో రెండో ఏడు మొన దగ్గర 12 మి.మీ. నల్ల గీత కనిపించింది. పొరలు అతికేటప్పుడు చల్లే బోరాక్సు తాలూకు చిట్టెం అతుకులో ఇరుక్కుంది. గోరు పెడితే తగులుతుంది, తుప్పు అక్కడే మొదలవుతోంది. చూపగానే ఆచారి కొత్త బ్లేడు చేసిస్తానన్నాడు, డబ్బు మాట ఎత్తలేదు.

పిడుల దగ్గర నెల్లూరు ఎండను లెక్కలో వేసుకోవాలి. చేపల కత్తికి ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర తెచ్చిన ముక్క వేశారు, మచ్చుకత్తికి నల్లతుమ్మ. ఏడాదన్నా ఆరని చెక్క వేస్తే రోహిణి కార్తెలో ముడుచుకుపోతుంది, ఉక్కు అంచు పైకి తేలి బొటనవేలికి గీసుకుంటుంది. కార్తీకంలో వానలకు ఉబ్బుతుంది. ఆ సందులో దిగిన నీళ్లతో లోపల తుప్పు. పిడి బిగించడానికి ఎపాక్సీ జిగురు, మూడు ఇత్తడి రివెట్లు; చెక్కకు ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె. తోలు ఒరలో పెట్టి దాచబాకండి, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. ఒర మోసుకుపోవడానికే.

దుప్పి కొమ్ము పిడి కావాలని అడిగేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ కొమ్ము అమ్మకం నేరం, ఆచారి మెడకు చుట్టుకుంటుంది. గేదె కొమ్ము అంతే అందంగా వస్తుంది. ఎర్రచందనం పేరు కూడా ఎత్తొద్దు. బ్లేడు 9 అంగుళాల పొడవో, 2 అంగుళాల వెడల్పో దాటితే, అది వంటకో సేద్యానికో అని తేలకపోతే ఆయుధాల చట్టం కిందికొస్తుంది. బాకులు అడిగేవాళ్లు ఇది తెలుసుకుని అడగాలి.

అడ్వాన్సు సగం. వింత కొలతల కత్తి మధ్యలో వద్దంటే ఆ సగం వదులుకోవాల్సిందే, దాన్ని ఇంకొకరు కొనరు. పాయనం అయ్యాక రివెట్టు చోటు మార్చమని, ఇంకో బెజ్జం వేయమని అడిగితే కుదరదు, డ్రిల్లు దిగదు. అందుకే అట్టముక్క కత్తిరించి చేతిలో పట్టుకుని చూసుకోవడం ముందే జరగాలి. ఆయన గీసిచ్చిన బొమ్మ తీసుకుపోయి వేరేచోట చవగ్గా చేయించుకునేవాళ్లకు ఆ కొలిమిలో రెండో కత్తి దొరకదు, దొరక్కూడదు కూడా.

నాలుగో కత్తికి ఇచ్చిన కాగితంలో “గట్టి” అన్న మాట లేదు. ఉన్నది ఇదీ: కొర్రమీను తోలు తీయడానికి. బ్లేడు 150, వెన్ను 1.8. వెన్నెముక కొట్టం. చింత మొద్దు మీద వాడకం. వాడేది ఎడమచేతి మనిషి. మిగతా కాఠిన్యం, మగ్గబెట్టే వేడి ఆయన ఇష్టం. ఆరిన చెక్క చేతికందేసరికి సంక్రాంతి దాటుతుందని కబురొచ్చింది.