రేట్ల లిస్టు అడిగితే విసుక్కోని మందుల షాపు

మా నాన్నగారికి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి, రాత్రిపూట కొలెస్ట్రాల్ బిళ్ళ కూడా వేసుకుంటారు. మా ఇంట్లో నెల తిరిగేసరికి బియ్యం ఉన్నా లేకపోయినా మందులు మాత్రం ఉండాల్సిందే. ఏళ్ళ తరబడి టౌన్లో ఒక పెద్ద షాపులోనే కొన్నాం. ఇప్పుడు మా ఊరి కాలవ వంతెన దిగగానే ఉన్న చిన్న మందుల షాపుకి మారాం. ఎందుకు మారామో రాస్తే కోనసీమలో పెద్దవాళ్ళున్న ప్రతి ఇంటికీ పనికొస్తుందనిపించింది.

2025 సెప్టెంబరు 22న, అంటే నవరాత్రులు మొదలైన రోజునే, చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. వారం తర్వాత నెల మందులకి వెళ్తే టౌన్ షాపులో పాత రేటే వేశారు. అడిగితే "షీటు మీద ఎంతుందో అంతే వేశామండి, పాత స్టాకు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. నేనూ సరే అనుకున్నాను. అచ్చేసిన రేటు కంటే పైసా ఎక్కువ తీసుకోనప్పుడు ఇంకేం అడుగుతాం?

ఇంటికొచ్చి చూసుకుంటే బీపీ బిళ్ళలు ఒక షీటు తక్కువొచ్చాయి. మర్నాడు వంతెన దగ్గర షాపుకి వెళ్ళాను. అదే కంపెనీ, అదే బిళ్ళ, షీటు మీద 112 రూపాయలు. బిల్లులో మాత్రం 105 ఉంది. పొరపాటు పడ్డారేమో అని నేనే చెప్పాను. షాపు నడిపే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, మేకుకి పురికొసతో వేలాడేసిన, కంపెనీలు పంపిన రేట్ల కాగితాల కట్ట తీసి, అందులో ఆ కంపెనీ పేజీ వెతికి, స్కేలు ఆనించి ఆ వరస చూపించారు. "112లో పన్నెండు రూపాయలు పన్నేనమ్మా, మందు వంద. ఆ వంద మీద ఇప్పుడు అయిదే పన్ను. షీటు మీద అచ్చు మార్చకపోయినా ఫర్వాలేదు గానీ, కొత్త లిస్టు వచ్చాక మేం తీసుకునే రేటు మారాల్సిందే" అన్నారు. ఏడు రూపాయలే కదా అనుకోవచ్చు. నాన్నగారికి నెలకి నాలుగు రకాలు, పన్నెండు నెలలు, ఇక బతికున్నంత కాలం వాడాల్సినవి. నాకైతే ఆ ఏడు రూపాయలు చిన్నవిగా కనిపించలేదు.

తర్వాత నేనూ కాస్త చదివాను. 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, కంపెనీ పంపిన ధరల పట్టికని దుకాణదారు అందరికీ కనిపించేచోట పెట్టాలి, ఎవరు చూడాలన్నా చూసేలా ఉండాలి. పట్టికలో రేటు, ప్యాకెట్ మీద రేటు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. అంటే "షీటు మీద అంతే ఉంది" అన్నది జవాబు కానే కాదు. ఇన్నేళ్ళుగా మందులు కొంటూ ఈ మాట నాకు తెలియకపోవడం బాధనిపించింది. నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన చోట ఆ కాగితం వేలాడనే లేదు.

ఇంకో సంగతి, ప్రభుత్వం పెట్టిన అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ట ధర ఎన్‌పీపీఏ, అంటే మందుల ధరలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, నిర్ణయిస్తుంది. జాబితాలో లేనివాటికి ధర కంపెనీ తనే పెట్టుకుంటుంది, ఏడాదిలో 10 శాతం దాకా పెంచుకోవచ్చు. అందుకే "20 శాతం డిస్కౌంట్" బోర్డు చూసి సంబరపడకండి, ముందు అచ్చేసిన రేటు ఎంతో చూడండి. ఫార్మా సహీ దామ్ అని ఎన్‌పీపీఏ వాళ్ళదే యాప్ ఉంది, మందు పేరు కొట్టి ధర సరిచూసుకోవచ్చు.

ఈ షాపులో నాకు బాగా నచ్చింది విడిగా ఇచ్చే పద్ధతి. పదిహేను బిళ్ళల షీటులో అయిదు కావాలంటే కసురుకోరు. కత్తెరతో కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న వైపు షీటు వెంటే ఉంచుతారు, మన ముక్క మీద అవి రాకపోతే బిల్లు మీద రాసిస్తారు. లెక్క కూడా పదిహేనులో అయిదుకి ఎంతో అంతే.

నాన్నగారి కొలెస్ట్రాల్ బిళ్ళ ఖరీదుది. అది తక్కువలో ఏదైనా ఇమ్మంటే మాత్రం ఆయన ఇవ్వలేదు. "డాక్టరుగారు రాసిన కంపెనీ కాకుండా వేరేది నేను మార్చి ఇవ్వకూడదమ్మా, రూలు ఒప్పుకోదు. ఈసారి చూపించుకున్నప్పుడు మందు అసలు పేరుతో రాయమని మీ నాన్నగారి చేత అడిగించండి. రోజూ వాడేది కదా, జనౌషధిలో, అదే ప్రభుత్వ పథకం మందుల షాపులో, సగం కంటే తక్కువకే వస్తుంది" అన్నారు. తన బేరం పోతుందని తెలిసీ చెప్పారు. అలాగే రాయించుకున్నాం, జనౌషధి కేంద్రంలోనే తెచ్చుకుంటున్నాం. మిగతా మందులన్నీ ఈయన దగ్గరే.

ఈ సంగతి మా చెల్లెలికి ఫోన్లో చెప్పాను. వాళ్ళు కాలిఫోర్నియాలో ఉంటారు. ఇన్సూరెన్స్ కంటే చేతి డబ్బుతో కొంటేనే చవకైనా, ఆ మాట రోగికి చెప్పకూడదని అక్కడ ఫార్మసీల ఒప్పందాల్లో షరతులుండేవట! ఒక్కో రాష్ట్రం చట్టం చేసి ఆ షరతుల్ని కొట్టేస్తూ వచ్చాక, 2018లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అంత పెద్ద దేశంలో చట్టం చేస్తే గానీ రోగి చెవిన పడని మాట, మా కాలవ గట్టు మీద ఈయన అడక్కుండానే చెప్పారు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కరే ఉంటారు, సాయంత్రం పూట అరగంటైనా నిలబడాలి. పిల్లల మందులు కొన్ని దొరకవు. బిల్లు అక్షరాలు మరీ చిన్నవి, నాన్నగారు చదవలేకపోతున్నారు, పెద్దగా వచ్చేలా చెయ్యమని చెప్పాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు. వెళ్ళేవాళ్ళు చీటీతో పాటు పాత ఖాళీ షీటు కూడా పట్టుకెళ్ళండి, లిస్టులో రేటు దానితో పోల్చి చూపిస్తారు.