మోటర్‌హోమ్ హీటర్‌కి 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ: రాత్రంతా నిలబడుతుంది, తిప్పలన్నీ పొద్దున ఛార్జింగ్ దగ్గరే

చలికాలంలో మోటర్‌హోమ్‌లో పడుకునేవాళ్లందరి టెన్షన్ ఒకటే: తెల్లారేదాకా హీటర్ నడుస్తుందా, మధ్యలో బ్యాటరీ చేతులెత్తేస్తుందా? నేను పాత ఏజీఎం (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ తీసేసి 12.8 వోల్టుల, 100 ఏహెచ్ (యాంప్-అవర్లు, అంటే ఒక యాంప్ చొప్పున వంద గంటలు ఇచ్చే) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాను. చలిలో సెల్స్‌ని వెచ్చబెట్టే ప్యాడ్ లోపలే ఉన్న రకం. హీటర్ మాత్రం పాతదే, 2 కిలోవాట్ల డీజిల్ ఎయిర్ హీటర్. చలికాలమంతా వాడాక చెబుతున్నాను, హీటర్ నడపడానికి ఈ బ్యాటరీ చాలా బాగుంది. కానీ కంపెనీ డబ్బా మీద రాయని సంగతులు రెండున్నాయి, కొనేముందు అవి తెలిసి తీరాలి.

ముందు హీటర్ ఎంత తింటుందో చూద్దాం, ఎందుకంటే చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. వేడి వచ్చేది డీజిల్ మండి. బ్యాటరీ కరెంటు ఫ్యాన్‌కి, పంపుకి, కంట్రోల్ బోర్డుకి మాత్రమే. ఈ సైజు హీటర్ ఒకసారి అందుకున్నాక సెట్టింగ్‌ని బట్టి 10 నుంచి 30 వాట్ల మధ్య నడుస్తుంది, అంటే ఒక యాంప్ నుంచి రెండున్నర యాంపులు. ఎక్కువ లాగేది వెలిగించేటప్పుడు. డీజిల్‌ని అంటించే గ్లో ప్లగ్ ఎర్రగా కాలడానికి రెండు మూడు నిమిషాల పాటు 8 నుంచి 10 యాంపులు పోతాయి. అయినా అది అరగంట సేపు కాదు కదా, ఒక్కో స్టార్ట్‌కి ఒక ఏహెచ్ కూడా ఖర్చు కాదు. పది గంటల రాత్రికి అంతా కలిపి 15 నుంచి 20 ఏహెచ్ వేసుకుంటే సరిపోతుంది.

మరి 100 ఏహెచ్ ఏజీఎం ఎందుకు చాలలేదు? ఆ 100 అనే అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. సున్నా డిగ్రీలకి వచ్చేసరికి లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు ఐదో వంతు పోగొట్టుకుంటుంది, మైనస్ 20 దగ్గర సగమే మిగులుతుంది. దానికి తోడు ఎక్కువ కాలం బతకాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు. ఫ్రిజ్, లైట్లు, నీళ్ల పంపు, ఫోన్ల ఛార్జింగ్ పోగా హీటర్‌కి మిగిలేది ఎంతో మీరే చూసుకోండి. అయితే హీటర్ ఆగిపోయేది బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి కాదు, వోల్టేజ్ పడిపోయి. తెల్లవారుజామున, అంటే చలి బాగా ముదిరిన వేళ, థర్మోస్టాట్ హీటర్‌ని మళ్లీ వెలిగించమంటుంది. ఫ్యాన్ తిరుగుతుంది, పంపు టిక్... టిక్... అని మొదలవుతుంది, గ్లో ప్లగ్ పది యాంపులు అడిగేసరికి వోల్టేజ్ జారిపోతుంది. చాలా హీటర్లు 10.5 వోల్టుల దగ్గర ఎర్రర్ చూపించి ఊరుకుంటాయి. టిక్‌టిక్ ఆగిపోయిన ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చేస్తుంది.

కొత్త బ్యాటరీతో ఆ బెడద పూర్తిగా పోయింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సగం ఖాళీ అయ్యాక కూడా 13 వోల్టుల దగ్గరే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున కూడా హీటర్ మొదటిసారికే అందుకుంటోంది. మైనస్ 20 దాకా ఇది కరెంటు ఇవ్వగలదని స్పెసిఫికేషన్‌లో ఉంది, అంత చలి నాకు ఎదురుకాలేదు. ఇక్కడే వైర్ గురించి కూడా చెప్పాలి. బ్యాటరీ నుంచి హీటర్‌కి ఐదు మీటర్ల దూరం, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్ అనుకోండి, పోను రాను పది మీటర్లు, పది యాంపుల దగ్గర ముప్పావు వోల్టు దాకా వైర్‌లోనే పోతుంది. అదే 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 వోల్టు. ఎర్రర్ వస్తోందని బ్యాటరీ మార్చేముందు హీటర్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, స్టార్ట్ అవుతుండగా ఒకసారి కొలవండి. చాలామందికి వైర్ మారిస్తే చాలు, బ్యాటరీ ఖర్చే తప్పుతుంది.

ఇక మొదటి ఇబ్బంది. ఈ రకం సెల్స్‌ని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, చేస్తే సెల్ లోపలి గ్రాఫైట్ పొర మీద లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్ (బీఎంఎస్) ఛార్జింగ్ ఆపేసి, వచ్చే కరెంటుని ముందు హీటింగ్ ప్యాడ్‌కి పంపిస్తుంది. ఆలోచన మంచిదే. కానీ చలికాలం పొద్దున సోలార్ ప్యానెల్ నుంచి వచ్చేది ఒకటి రెండు యాంపులు, ప్యాడ్ అడిగేది అంతకంటే చాలా ఎక్కువ. మధ్యాహ్నం దాకా ఎండంతా సెల్స్‌ని వెచ్చబెట్టడానికే సరిపోయి, బ్యాటరీలోకి చుక్క కూడా ఎక్కని రోజులున్నాయి. బండి నడుపుతూ డీసీ-డీసీ ఛార్జర్‌తో (బండి ఇంజన్ నుంచి వచ్చే కరెంటుతో ఈ బ్యాటరీని ఛార్జ్ చేసే పరికరం) ఎక్కిస్తే ఈ బాధ లేదు, 30 యాంపులు వస్తుంటే ప్యాడ్ త్వరగానే పని ముగిస్తుంది. నాకు అసలు కలిసొచ్చింది బ్యాటరీని బయటి డిక్కీలోంచి తీసి లోపల సీటు కింద పెట్టడం. రాత్రంతా హీటర్ నడిచే చోటే కాబట్టి సెల్స్ సున్నాకి దిగవు, ప్యాడ్‌తో పనే పడదు. వేడిగాలి గొట్టానికి మాత్రం ఆనించకండి.

రెండోది, నిజంగా కోపం తెప్పించేది, ఫోన్ యాప్‌లో కనిపించే శాతం. ఈ బీఎంఎస్ ఒక యాంప్ లోపు కరెంటుని సరిగ్గా లెక్కపెట్టదు. హీటర్ తక్కువ సెట్టింగ్‌లో లాగేది సరిగ్గా ఆ మాత్రమే! రాత్రంతా నడిచినా పొద్దున యాప్ 90 పైనే చూపిస్తుంది, వచ్చే, పోయే కరెంటుని లెక్కపెట్టడానికి విడిగా పెట్టిన షంట్ మీటర్ మాత్రం 80 దిగువన ఉంటుంది. వోల్టేజ్ చూసి అంచనా వేద్దామంటే ఈ రకం బ్యాటరీలో అది చివరిదాకా పెద్దగా కదలదు. కరెంటు బొట్టుబొట్టుగా పోయే పనికే అమ్ముతున్న బ్యాటరీలో ఆ బొట్టునే లెక్కపెట్టకపోవడం పెద్ద లోపం, కంపెనీ మాన్యువల్‌లో అయినా రాసి ఉండాల్సింది. షంట్ మీటర్ ఖర్చు కూడా కలుపుకునే కొనండి.

ఇంకొకటి, బ్యాటరీ ఏదైనా సరే, హీటర్‌ని మెయిన్ స్విచ్ కట్టేసి ఆపొద్దు. ఆఫ్ నొక్కాక ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరిగి లోపలి వేడిని, పొగని బయటికి తోసేయాలి, అది ఆగేదాకా కరెంటు ఉండాల్సిందే.

ఎక్కువ రోజులు ఒకేచోట ఆపి, సోలార్ మీదే ఆధారపడేవాళ్లకి, బ్యాటరీని లోపల పెట్టే వీలు కూడా లేకపోతే, నేను దీన్ని చెప్పను. రోజు విడిచి రోజైనా బండి తీసేవాళ్లు కళ్లుమూసుకుని తీసుకోవచ్చు. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటి తగ్గించింది యాప్ వల్లే.