అమ్మకి పెద్దక్షరాల బైబిలు కొన్నాను, బరువు చూసుకుని కొనండి

అమ్మకి కళ్లజోడు మార్చినా పాత బైబిల్లో అక్షరాలు ఆనడం లేదు. మొన్న బొబ్బిలి నుంచి పనిమీద విజయనగరం వెళ్లి, అక్కడ ఓ క్రైస్తవ పుస్తకాల షాపులో పెద్దక్షరాలది తీసుకున్నాను. షాపాయన ఓపిక మెచ్చుకోవాలి, నాలుగు రకాలు తీసి అన్నిట్లోనూ 139వ కీర్తనే తెరిచి చూపించాడు, మనం కూర్చున్నా లేచినా దేవుడికి తెలుస్తుందనే కీర్తన కదా, పెద్దవాళ్లు ముందు అదే తీస్తారట.

అచ్చు బాగుంది. బరువే బాధ, మూడు లాంతర్ల జంక్షన్ దాకా మోసేసరికి చెయ్యి లాగేసింది. "ఏటిరా ఇది, బియ్యం బస్తాలాగుంది" అంది అమ్మ. అట్టకున్న జిప్పు మూడోరోజుకే పాడైంది. తెస్తే మారుస్తామన్నారు గానీ దానికోసం మళ్లీ బస్సెక్కి ఎవరెళ్తారు?

ఇప్పుడు పొద్దున్నే పైకి చదువుతోంది, నేను క్రిస్మస్‌కి మాత్రమే చర్చికెళ్లే రకాన్నైనా చెవిన పడుతుంది. గమనించిందేంటంటే, దేవుడి గురించి చెప్పేటప్పుడు పుస్తకమంతా 'ఆయన', ప్రార్థనకొచ్చేసరికి 'నీవు'. ఆకాశం పట్టనంత పెద్దవాణ్ణి ఎవరైనా నువ్వంటారా, మా ఊళ్లో ఒకప్పుడు కరణంగారినే అనేవాళ్లు కాదు! యెషయా 57లో 15వ వచనం ఈ పుస్తకంలో రెండు పేజీలకి చీలింది. చాలా ఎత్తులో, పరిశుద్ధ స్థలంలో ఉంటానని దేవుడు చెప్పే ముక్క ఈ పేజీ అడుగున ఉంది, మనసు నలిగినవాళ్ల దగ్గరా ఉంటాననేది పేజీ తిప్పితే గానీ రాదు. అచ్చువేసినవాళ్లు కాస్త చూసుకోవాల్సింది, అమ్మ అక్కడ ఆగి కళ్లజోడు తుడుచుకుంటుంటే నాకే తోచదు, తొందరగా తిప్పవే అనిపిస్తుంది.

ఇంకోటి. రోమా పత్రిక 8లో "అబ్బా తండ్రీ" అని ఉంటుంది. ఇన్నేళ్లూ అది నొప్పితో అనే అబ్బా అనుకున్నాం ఇద్దరం. యేసు మాట్లాడిన అరామిక్‌లో అబ్బా అంటే నాన్న అని ఈమధ్యే తెలిసి అమ్మకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "నేనన్నప్పుడు రెండూ కలిపే అన్నాన్లే" అని మళ్లీ చదువుకోసాగింది.

కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు కొంచెం కనిపిస్తాయి. ఒళ్లో పెట్టుకుని చదవడం కష్టం, చిన్న పీట కూడా కొనుక్కోండి. జిప్పు లేనిది అడగండి.