నురగ పొంగకుండా ఇంట్లో సోడా: పీపా, కెగ్, సీసాల్లో ఏది మేలు?

ఇంగ్లండులో ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్ళ దగ్గర తరచుగా కనిపించే సామాను ప్లాస్టిక్ ప్రెషర్ బారెల్. సుమారు పాతిక లీటర్ల పీపా, అడుగున ట్యాపు, మూత మీద గ్యాస్ (కార్బన్ డయాక్సైడ్) ఎక్కించే వాల్వు. లీడ్స్‌లో ఉండే మా బావగారు సంక్రాంతికి వస్తూ ఖాళీది ఒకటి భీమవరం పట్టుకొచ్చారు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చెయ్యడం మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అందుకని ఆ పీపాలో అల్లం సోడా, నిమ్మ సోడా పెట్టి ఫంక్షన్లకి వాడొచ్చన్నది ఆయన ఆలోచన. ఇప్పుడు మా చుట్టాల్లో నలుగురైదుగురు అదే అడుగుతున్నారు: పీపా కొనాలా, స్టీలు కెగ్ (గ్యాస్ ఒత్తిడికి ఆగే స్టీలు డబ్బా) కొనాలా, మామూలు సోడా సీసాలు చాలవా?

నా మాట ముందే చెప్పేస్తాను. మన ఎండలకి పీపా పనికిరాదు. పదిమంది ఉన్న ఇంటికి సీసాలు చాలు. వందమంది దాటితే కెగ్, దానితోపాటు ఐసు. మూడింట్లో దేనికైనా నురగ సంగతి తేలేది ట్యాపు దగ్గర కాదు, దానికి ముందే.

పీపా లోపం పనితనంలో లేదు, అది పుట్టిన దేశంలో ఉంది. నీళ్ళలో గ్యాస్ ఎంత కరుగుతుందనేది రెండింటి మీద ఆధారపడుతుంది: చల్లదనం, ఒత్తిడి. లీటరు నీళ్ళలో లీటరు గ్యాస్ కరిగితే దాన్ని ఒక వాల్యూమ్ అంటారు. ఇంగ్లీషువాళ్ళ ఏల్ బీరుకి ఒకటిన్నర నుంచి రెండు వాల్యూములు చాలు. వాళ్ళ సెల్లార్లో 12 డిగ్రీలు ఉంటుంది. ఆ చల్లదనంలో 10 పౌండ్ల ఒత్తిడి (టైరుకి గాలి కొట్టించేటప్పుడు చెప్పే పౌండ్లే) పెడితే సుమారు 1.8 వాల్యూములు కరుగుతుంది, సరిగ్గా వాళ్ళకి కావలసినంత. ప్లాస్టిక్ పీపా హాయిగా మోసేది కూడా ఆ 10 పౌండ్ల చుట్టుపక్కలే. అది దాటితే మూత వాల్వు దానంతట అదే గ్యాస్ వదిలేస్తుంది.

అదే పీపాని మే నెలలో పాలకొల్లులోనో అమలాపురంలోనో వంటింటి పక్క వసారాలో పెట్టండి. 30 డిగ్రీల దగ్గర 10 పౌండ్లకి కరిగేది ఒక్క వాల్యూమే. మనం సోడా అనే వస్తువుకి మూడున్నర కావాలి. 30 డిగ్రీల్లో మూడున్నర కరగాలంటే 60 పౌండ్లకి పైగా పెట్టాలి. ఆ ఒత్తిడికి పీపా ఆగదు. పోనీ వాల్వు ఊరుకుంటుందా? ఎక్కించిన గ్యాసు ఎక్కించినట్టే వదిలేస్తుంది. చిన్న గ్యాస్ బుడ్లతో పని కానిద్దామన్నా లెక్క కుదరదు. ఒక్కో బుడ్డిలో ఉండేది 8 గ్రాములు. 20 లీటర్లకి మూడున్నర వాల్యూములంటే 137 గ్రాములు, అంటే 17 బుడ్లు. అందులో సగానికి పైగా గాల్లో కలిసిపోతుంది.

ఇక ట్యాపు. పీపాకి ట్యాపు నేరుగా ఒంటికే బిగించి ఉంటుంది, మధ్యలో గొట్టం ఉండదు. లోపలి ఒత్తిడంతా ఆ అరంగుళం దారిలో ఒక్కసారిగా పడిపోతుంది, అక్కడే గ్యాస్ విడిపోయి నురగవుతుంది. నురగ వస్తోందని ట్యాపు సగం తిప్పితే దారి ఇంకా ఇరుకై మరింత పొంగుతుంది. ఇంగ్లండులో మూత కాస్త వదులు చేసి, ఒత్తిడి తగ్గించి పట్టుకుంటారు. ఏల్‌కి అది చెల్లుతుంది, ఎందుకంటే అందులో ఉండేదే తక్కువ గ్యాసు. సోడాకి అలా చేస్తే మిగిలేవి తియ్యటి నీళ్ళు. పోనుపోను లోపల ఒత్తిడి అయిపోయి ట్యాపు గుడగుడమంటూ బయటి గాలి లోపలికి లాక్కోవడం మొదలెడుతుంది.

మా వీధిలో ఒక గృహప్రవేశంలో మొదటి గ్లాసు అందుకున్న పెద్దాయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇదేంటండీ బాబూ, ముప్పావు నురగే ఉంది! మిగతాది ఎప్పుడిస్తారు?" అన్నారు. రెండు నిమిషాలాగితే గ్లాసులో అడుగున మూడు వేళ్ళ ఎత్తు ద్రవం తేలింది. గ్యాస్ మాత్రం లేదు.

అలాగని పీపాని పారెయ్యక్కర్లేదు. గ్యాస్ ఊసెత్తకుండా శ్రీరామనవమికి పానకానికో, చలివేంద్రంలో మజ్జిగకో పెడితే అంత మంచి సామాను ఇంకోటి లేదు. అడుగున ట్యాపు, మూత గట్టిగా పడుతుంది, చీమ దూరదు. కాకపోతే దానికోసం లీడ్స్ నుంచి తెప్పించుకోవాలా అన్నది వేరే సంగతి.

కెగ్ కథ వేరు. ఇంటి బీరువాళ్ళు మురిపెంగా వాడే 19 లీటర్ల స్టీలు కెగ్ అసలు బీరు కోసం పుట్టిందే కాదు. కూల్ డ్రింకుల కంపెనీలు సిరప్ నింపి షాపులకి పంపడానికి చేయించుకున్న డబ్బా అది. తర్వాత వాళ్ళు అట్టపెట్టెలో సంచీ పద్ధతికి మారిపోయారు, మిగిలిన కెగ్‌లు బీరువాళ్ళ చేతికొచ్చాయి. కాబట్టి సోడా పెట్టడం దానికి పుట్టింటికి పోయినట్టే. 100 పౌండ్ల ఒత్తిడికి కూడా బెదరదు. రెండు వాల్వులుంటాయి: ఒకదాంట్లోంచి గ్యాస్ లోపలికి, ఇంకోదాంట్లోంచి సోడా బయటికి. సోడా వచ్చేది లోపల అడుగు దాకా దిగిన సన్నని గొట్టంలోంచి.

కెగ్‌తో నురగని అదుపుచేసే అసలు కిటుకు ట్యాపుకి ముందుండే ప్లాస్టిక్ గొట్టం. లోపలి బోలు 5 మిల్లీమీటర్లున్న సన్న గొట్టం తీసుకోవాలి. పొడుగు గొట్టంలో పారుతూ ఉంటే ఒత్తిడి కొంచెం కొంచెంగా తరిగి, ట్యాపు దగ్గరికొచ్చేసరికి సోడా నెమ్మదిగా జారుతుంది. బీరుకి 3 మీటర్లు వాడతారు. సోడాకి ఒత్తిడి ఎక్కువ కాబట్టి 6 నుంచి 8 మీటర్లు పెట్టాలి. కెగ్‌తోపాటు వచ్చే మూరెడు గొట్టం చాలనుకుంటే పీపాకీ దీనికీ తేడా లేదు. ట్యాపు ఎప్పుడూ పూర్తిగా తెరవాలి. ధార జోరు తగ్గాలంటే గొట్టం పొడవు పెంచాలిగానీ ట్యాపు సగం తిప్పకూడదు.

4 డిగ్రీల చల్లదనంలో 23 పౌండ్లు పెడితే మూడున్నర వాల్యూములు వస్తుంది. ఆ 4 డిగ్రీలు ఎక్కణ్ణుంచి తేవాలన్నదే ప్రశ్న. మామూలు ఇంటి ఫ్రిజ్‌లో అరలు తీసేస్తే తప్ప కెగ్ పట్టదు, పైగా కరెంటు పోతే అంతే. ఇక్కడ మన డెల్టాకి ఒక సుఖం ఉంది. చేపలు, రొయ్యల ప్యాకింగు పుణ్యమా అని భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలకి కొదవలేదు. 19 లీటర్ల నీళ్ళని 30 నుంచి 4 డిగ్రీలకి దించడానికి లెక్కప్రకారం 6 కిలోల ఐసు చాలు. డ్రమ్ము, ఎండ, ఆలస్యం అన్నీ కలుపుకుని 15 కిలోలు తెచ్చుకోండి. కెగ్‌ని ప్లాస్టిక్ డ్రమ్ములో నిలబెట్టి, దిమ్మని పగలగొట్టి చుట్టూ వేసి, నీళ్ళు కూడా పొయ్యాలి. ఒట్టి ఐసు ముక్కలు కెగ్‌కి అక్కడక్కడే తగులుతాయి, నీళ్ళయితే ఒంటినిండా అంటుకుని చల్లదనం లాగుతాయి. గొట్టాన్ని కూడా చుట్టలు చుట్టి అందులోనే ముంచెయ్యండి. గొట్టం వేడిగా ఉంటే కెగ్ ఎంత చల్లగా ఉన్నా మొదటి నాలుగు గ్లాసులు నురగే. ఆ ఐసు చేపల కోసం చేసింది, గ్లాసులో వెయ్యడానికి కాదు. పిల్లలకి అందేచోట పెట్టకండి.

గ్యాస్ త్వరగా పట్టాలని చల్లబడ్డ కెగ్‌ని ఒళ్ళో పడుకోబెట్టి ఊపుతారు. పని జరుగుతుంది, కానీ ఊపిన కెగ్‌ని రెండు గంటలైనా కదపకుండా ఉంచాలి. ఇక్కడ ఊపి, ఆటోలో ఎక్కించి, గుంతల రోడ్డు మీద కల్యాణమండపానికి తీసుకెళ్ళి వెంటనే ట్యాపు తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పొద్దున్నే చేర్చెయ్యండి.

ఇందులో ఖర్చు కెగ్ ఒక్కటే కాదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, రెగ్యులేటరు కావాలి. 2 కిలోల సిలిండరు ఉంటే ఏడెనిమిది కెగ్‌ల దాకా వస్తుంది. ఆహారానికి వాడే గ్రేడు గ్యాసే నింపించాలి, వెల్డింగు షాపులో దొరికేది కాదు. 30 డిగ్రీల్లో ఆ సిలిండరు లోపల ఒత్తిడి 1000 పౌండ్లు ఉంటుంది. రెగ్యులేటరు లేకుండా కలపడం, ఎండలో వదిలెయ్యడం, పడుకోబెట్టి వాడటం, ఈ మూడూ చెయ్యకూడదు. తలుపులు మూసిన చిన్న గదిలో కూడా పెట్టొద్దు, లీకైతే గ్యాస్ నేల బారున పేరుకుంటుంది.

కెగ్‌లో ఏం పెట్టాలన్న దాంట్లో నా పట్టుదల ఒకటుంది: ఒట్టి సోడా మాత్రమే పెట్టాలి. అల్లం రసం, పంచదార అన్నీ కలిపి కెగ్‌లో పోస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అల్లం పీచు, నిమ్మ తొన, బెల్లంలోని నలక, ఇలా ప్రతి రేణువూ గ్యాస్ విడిపోవడానికి ఒక మెట్టు. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టినా ఎంతో కొంత మిగులుతుంది. పైగా 8 మీటర్ల గొట్టంలో తీపి నిలవుంటే రెండోరోజుకి బూజు, ట్యాపు చుట్టూ చీమలు. సిరప్ గ్లాసులో పోసి, గ్లాసు వంచి, అంచు వెంట సోడా వదలడమే సులువు. సుగంధి సిరప్‌కైతే నురగ కాస్త ఎక్కువే వస్తుంది, దానికి గ్లాసులో జాగా వదలాలి.

ఉప్పు వేసిన నిమ్మ సోడా అడిగేవాళ్ళతో ఇంకో చిక్కుంది. సోడా పోశాక పైన ఉప్పు చల్లితే గ్లాసు పొంగి చెయ్యంతా తడుస్తుంది. ఉప్పురవ్వ గ్యాస్‌ని అంతలా లేపుతుంది. ముందు నిమ్మరసంలో ఉప్పు వేసి, స్పూనుతో గరగర శబ్దం ఆగేదాకా కలిపి, ఆ తర్వాత సోడా పోస్తే పొంగదు. ఎండలో బోర్లించి ఆరబెట్టిన స్టీలు గ్లాసులు కూడా అంతే. ఒక్కసారి చల్లటి నీళ్ళలో ముంచి తీసి పోస్తే నురగ సగానికి తగ్గిపోతుంది.

సీసాల దగ్గరికొస్తే చెప్పేది తక్కువ, ఎందుకంటే ఇబ్బందులూ తక్కువ. రెండు లీటర్ల కూల్ డ్రింకు సీసా అడుగున అయిదు కాళ్ళుంటాయి చూశారా, అది అందం కోసం కాదు, ఒత్తిడికి అడుగు ఉబ్బకుండా అలా పోస్తారు. అందుకే ఆ సీసానే వాడాలి. నీళ్ళ సీసా వద్దు, పాత గాజుసీసా అసలే వద్దు. ముప్పావు వంతుకి పైగా చల్లటి నీళ్ళు పోసి, సీసా నొక్కి మిగిలిన గాలి బయటికి పంపి, గ్యాస్ ఎక్కించే మూత బిగించి, 30 నుంచి 40 పౌండ్లు పెట్టి ఒక నిమిషం ఊపితే సోడా అయిపోతుంది. ఫ్రిజ్ తలుపులో పడుతుంది. గొట్టం లేదు, ట్యాపు లేదు, నురగ అదుపుచెయ్యడానికి మూత నెమ్మదిగా తిప్పడం తెలిస్తే చాలు. సిలిండరు, రెగ్యులేటరు దీనికీ కావాలి, కెగ్ ఖర్చు మాత్రం మిగులుతుంది. లోపం ఒకటే: మూత తీసిన ప్రతిసారీ గ్యాస్ పోతుంది, చివరి పావు లీటరు చప్పబడుతుంది. పెద్ద ఫంక్షన్‌లో అయితే సీసాలు తీస్తూ ఒక మనిషి అక్కడే కూర్చోవాలి.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని మర్చిపోయి ఈ సామాన్లన్నీ కొనడం మన అలవాటు: గోలీసోడా. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్న సీసా అది. గ్యాసే గోలీని మూతి దగ్గరున్న రబ్బరు రింగుకి అదిమి పట్టి మూతలా కూర్చోబెడుతుంది. ఒక్కో సీసా ఒక్కొక్కరికి, గ్లాసులో పొయ్యక్కర్లేదు కాబట్టి నురగ గొడవే లేదు. మెడ దగ్గరి నొక్కు వైపుకి వంచి తాగితే గోలీ అక్కడే ఆగుతుంది, దారికి అడ్డం రాదు. మీ ఊళ్ళో నమ్మకంగా సీసాలు కడిగి, మంచినీళ్ళతో పట్టే సోడా బండి ఉంటే, ఏడాదికి ఒకటో రెండో ఫంక్షన్లు చేసే ఇంటికి బండి మాట్లాడుకోవడమే లాభం. కెగ్ కొనడం గిట్టేది నెలకో ఫంక్షన్ చేసే క్యాటరింగువాళ్ళకి, లేదా మా బావగారిలా గొట్టం పొడవు కొలుస్తూ కూర్చోవడంలోనే సరదా ఉన్నవాళ్ళకి.