44 మంది పిల్లలు, 11 బాక్సుల ఆయిల్ పేస్టల్స్

డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్ష పాసై, టీటీసీ (టీచర్ ట్రైనింగ్ కోర్సు) కూడా అయ్యాక, జనగామ దగ్గర ఒక హైస్కూల్లో సీనియర్ డ్రాయింగ్ సార్ దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంటున్నాను. నాకిచ్చింది ఏడో తరగతి. 44 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్.

మొదట పోస్టర్ కలర్లతో రంగుల చక్రం చెబుదామని లెసన్ ప్లాన్ రాసుకున్నాను. మగ్గుల్లో నీళ్లు పోసి ఇచ్చేసరికే పది నిమిషాలు, బ్రష్షులు కడిగించడానికి ఇంకో పది. మిగిలిన టైంలో నేను బోర్డు మీద గీసిన చక్రాన్నే దించుకున్నారు. వెనక బెంచీ వాళ్లు అదీ చేయలేదు. ఇంటికొచ్చాక చాలా బాధపడ్డాను.

మర్నాడు స్టేషనరీ షాపులో 25 రంగుల ఆయిల్ పేస్టల్స్, అంటే నూనె, మైనం కలిసిన మెత్తటి రంగు కడ్డీలు కొన్నాను. బాక్స్ 95 రూపాయలు. నలుగురికి ఒకటి చొప్పున 11 బాక్సులు, మొత్తం 1,045. నీళ్లతో పని లేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు. కాగితం నిండా పసుపు, నారింజ, ఎరుపు, వంకాయ రంగులు ఒత్తి పూయించి, దాని మీద మొత్తం నలుపు పూయమన్నాను. "గింత మంచిగ ఏసినంక నల్లగ పూసుడెందుకు టీచర్?" అని ఒక పాప దిగులుపడింది. అయిపోయిన రీఫిల్ చేతికిచ్చి గీకమన్నాను. నలుపు సన్నటి పొట్టులా లేచింది, కింద పసుపు గీత మెరిసింది. "తంగేడు పువ్వొచ్చింది టీచర్!" అని అరిచింది. ఇక వెనక బెంచీ కూడా కాగితాల మీదికి వంగింది. పీరియడ్ అయ్యేసరికి చీకట్లో బతుకమ్మలు వెలిశాయి.

దాంతో తర్వాతి ప్లాన్ మార్చేశాను. బోర్డు మీద ఏమీ గీయలేదు. బతుకమ్మలో పసుపు తంగేడు పక్కన ఏ రంగు అద్దిన గునుగు పువ్వు పెడితే బాగా కనిపిస్తుందని అడిగాను. ఆకుపచ్చ అన్నారు, గులాబీ అన్నారు, పూసి చూసుకుని చివరికి వంకాయ రంగు దగ్గర ఆగారు. రంగుల చక్రంలో పసుపుకి ఎదురుగా ఉండేది అదే, ఎదురెదురు రంగులు పక్కపక్కన పెడితే రెండూ బాగా కనిపిస్తాయి.

జపాన్‌లో 1919లో కనాయె యమమోతో అనే చిత్రకారుడు, పిల్లలు నమూనాలు దించడం మాని తాము చూసింది గీయాలని ఉద్యమం నడిపాడు. సాకురా కంపెనీ 1925లో ఆయిల్ పేస్టల్స్ తెచ్చింది కూడా బడిపిల్లల కోసమే. ఆ సంగతి ఇప్పుడు నాకు బాగా అర్థమవుతోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. గట్టిగా ఒత్తితే విరుగుతాయి, ఎండలో మెత్తబడతాయి. ఈ రంగు పూర్తిగా ఆరదు కాబట్టి బొమ్మల మధ్య బటర్ పేపర్ పెట్టకపోతే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుతుంది. సన్నటి గీతలకు పనికిరావు. నలుపు రెండు పీరియడ్లకే అయిపోయింది, విడిగా అమ్మరన్నారు. నల్ల పోస్టర్ కలర్‌లో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే జిడ్డు మీద కూడా పట్టుకుంటుంది. ఆరాక గీకించాలి.

వచ్చే నెల ఎనిమిదో తరగతికీ ఇవే బాక్సులు కొంటున్నాను, ఒక నల్ల పోస్టర్ కలర్ సీసా అదనంగా.